గుజ్జు అరిగింది, నడవొద్దన్నారు

"గుజ్జు మొత్తం అరిగిపోయిందమ్మా. నడిచేకొద్దీ ఇంకా అరుగుతుంది. నడవొద్దు. ఆపరేషన్ ఎప్పుడు చేయించుకుంటారో చెప్పండి."

ఆ పెద్ద డాక్టరు గారు నా ఎడమ తుంటి ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి పట్టి చూసి అన్న మాటలివి. నన్ను బల్ల మీద పడుకోబెట్టలేదు, కాలు తిప్పి చూడలేదు. రెండు నిమిషాల్లో బయటికొచ్చాను. ఆ మాట పట్టుకుని పదకొండు నెలలు కుర్చీలో కూర్చున్నాను. ఇప్పుడు నొప్పి చాలావరకు తగ్గింది. ఆ కోపం మాత్రం తగ్గలేదు.

మాది రాజమండ్రి. ముప్పై ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పాను. రిటైరయ్యే ముందు ఏడాది ఎడమ గజ్జలో నొప్పి మొదలైంది. తుంటి నొప్పంటే నడుం పక్కన వస్తుందనుకుంటాం కదా, ఇది గజ్జలోంచి తొడ మీదుగా మోకాలిదాకా దిగేది. మోకాలికి ఎక్స్‌రే తీయిస్తే అది శుభ్రంగా ఉంది. ఆర్నెల్లు అలాగే పోయాయి. ముందు బాసింపట్టు పోయింది, తర్వాత వంగి చెప్పు తొడుక్కోవడం, ఆ తర్వాత ఆటో ఎక్కడం.

నడవొద్దన్నాక ఇంట్లో నన్ను గాజుబొమ్మలా చూశారు. నా తోటికోడలు "నువ్వు లేవకక్కా" అంటూ మంచినీళ్లు కూడా చేతికందించేది. తన ప్రేమకు వంక పెట్టను. గుజ్జు పెరిగే మాత్రలు ఏడాదికి సరిపడా కొన్నాం. నల్లేరు పచ్చడి తిన్నాను. ఒకరు స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్‌కి లక్షల్లో చెప్పారు. నా బరువు 81 కిలోలకి పెరిగింది, ఎడమ తొడ మాత్రం కుడిదానికంటే సన్నబడింది.

ఆ శ్రావణంలో హైదరాబాదులో మా అమ్మాయికి రెండో కాన్పు. వెళ్లాల్సింది నేను. రైలెక్కలేనని మా వారు వెళ్లారు. వాన, కరెంటు లేదు. రాత్రి రెండింటికి బాత్రూమ్‌కని లేచి ఎడమ కాలు నేల మీద మోపాను. తుంటి పట్టేసింది, కాలు నిలవలేదు, మంచం పక్కన కూలబడిపోయాను. ఫోను అవతల గూట్లో ఉంది. కదిలితే ప్రాణం పోయే నొప్పి. బట్టలు తడిసిపోయాయి. ఎముక విరిగిందనే అనుకున్నాను. చీకట్లో ఆ డాక్టరు మాటే చెవిలో మోగుతూ ఉంది, అరుగుతుంది అరుగుతుంది అని. 2015 పుష్కరాలకి మా అమ్మను నడుం పట్టుకుని రేవు మెట్లు దింపింది నేనే. ఇంక నేనే ఎవరికో బరువునని, మనవడిని ఎత్తుకోకుండానే ఇలా పోతానని ఏడ్చాను. ఐదింటికి పాలబ్బాయి కేక విని గొంతు చించుకుంటే, పక్కింటావిడ పెరటి తలుపు తోసుకుని వచ్చింది. ఆ తల్లికి ఎన్ని దండాలు పెట్టినా చాలవు.

ఎముక విరగలేదు. ఈసారి వేరే ఆసుపత్రి, చిన్న వయసు డాక్టరు. పడుకోబెట్టి మోకాలు మడిచి కాలు లోపలికీ బయటికీ తిప్పి చూశాడు. లోపలికి తిరగలేదు. స్టెరాయిడ్లు ఎప్పుడైనా వాడారా అని అడిగి, రక్తం అందక తుంటిలోని బంతిలాంటి ఎముక చచ్చుబడే జబ్బు కాదని తేల్చుకోవడానికి ఎమ్మారై తీయించాడు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని చెప్పాడు: "అరుగుదల ఉంది, నిజమే. కానీ మిమ్మల్ని పడేసింది కండరాల నీరసం. ఏడాదిగా వాటికి పని లేదు." గుజ్జు అని మనమనే కీలు లోపలి ఆ మెత్తటి పొరకి రక్తనాళాలుండవట, కదిలి బరువు పడితేనే దానికి పోషణ అందుతుందట. తోడని బావిలా నా కీలుని పాడుపెట్టానని అప్పుడర్థమైంది.

వెంటనే నమ్మలేదు. అమ్మాయి చేత చదివించుకున్నాను. బ్రిటన్‌లో ఏ జబ్బుకి ఏ వైద్యమో చెప్పే ప్రభుత్వ సంస్థ నైస్, 2022 మార్గదర్శకాల్లో కీళ్ల అరుగుదల ఉన్న అందరికీ మొదటి వైద్యంగా చెప్పింది వ్యాయామమే, బరువెక్కువుంటే తగ్గడమూ. మొదట్లో నొప్పి పెరిగినట్టున్నా మానొద్దని ఉంది. గ్లూకోసమైన్ ఇవ్వొద్దని ఉంది. అవే నా గుజ్జు మాత్రలు! స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు వద్దని అమెరికా కీళ్లవైద్యుల సంఘం 2019లోనే గట్టిగా చెప్పింది.

ఫిజియోథెరపీ అమ్మాయి నా చేతికర్ర చూసి మొదటి రోజే చేయి మార్పించింది. నొప్పి ఎడమ తుంటిలోనైతే కర్ర కుడిచేతిలో ఉండాలి. అన్నాళ్లూ తప్పు చేత్తో పట్టుకున్నాను, ఒక్కరూ చెప్పలేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, పక్కకి పడుకుని కాలెత్తడం, వెల్లకిలా పడుకుని నడుం ఎత్తడం, ఇవే వారానికి మూడుసార్లు. మొదటి మూడు వారాలూ ఏడుపొచ్చేది. "నొప్పి పదికి ఐదు దాటకుండా చూసుకోండి టీచరు గారూ, రేపటికి మామూలుకొస్తే భయం లేదు" అనేది. నొప్పి వేరు, హాని వేరు అని ఆ పిల్ల దగ్గర నేర్చుకున్నాను. నొప్పి మాత్ర మరీ అవసరమైన రోజుల్లోనే, పొట్టకి రక్షణగా ఇంకో మాత్రతో. మూడో నెలకి రాత్రి నిద్ర పట్టింది. బరువు 74కి వచ్చింది.

ఆపరేషన్ చెడ్డదని నేననడం లేదు, చేయించుకుని హాయిగా తిరిగేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. నిద్ర, నడక రెండూ పోయి, ఇవన్నీ చేసినా ఫలితం లేకపోతే ఆలస్యం చేయొద్దని ఈ డాక్టరే చెప్పాడు. నాకూ ఆ రోజు రావచ్చు, నా ఎక్స్‌రే ఏమీ మారలేదు. నా గొడవంతా ఆ "నడవొద్దు" గురించే. మీకెవరైనా అలా అంటే, కాలు తిప్పి చూశారా అని అడగండి. చూడకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.

మొన్న కార్తీక పౌర్ణమికి మనవడు, అమ్మాయి ఇక్కడే ఉన్నారు. పుష్కరాల రేవుకి వెళ్లాం. దిగేటప్పుడు నొప్పికాలు ముందు, ఎక్కేటప్పుడు మంచికాలు ముందు. గోదావరి తల్లిని తలుచుకుంటూ మెట్టు మెట్టూ లెక్కపెట్టుకుని దిగాను. మా వారు చేయి అందించబోతే వద్దన్నాను. నీళ్లు పాదాలకి చల్లగా తగిలాయి. దీపం వదిలి 2027 పుష్కరాల మాట అమ్మవారికి చెప్పుకుని, కర్ర కుడిచేతికి తీసుకుని పైకెక్కాను.