కారు తోస్తే తేలిన లెక్క

మొన్న కారు బ్యాటరీ చచ్చింది. మా ఆవిడ స్టీరింగు పట్టుకుంది, నేనూ తమ్ముడూ వెనక నుంచి తోశాం. తొమ్మిదో తరగతి చదివే మావాడు పక్కన నడుస్తూ ఫోనులో సెకన్లు చూశాడు. బలం, ద్రవ్యరాశి, కాలం ఇచ్చి వేగం కట్టమనే లెక్కలంటే వాడికి వారం రోజులుగా విసుగు. సరే, ఇదే లెక్క చేద్దాం అన్నాను.

ఇంటికొచ్చాక బరువు చూసుకునే యంత్రాన్ని గోడకు ఆనించి, ఇందాకటంత గట్టిగా నెట్టాను. ముల్లు 20 కిలోల దగ్గర ఆగింది. బలానికి కొలమానమైన న్యూటన్లలోకి మార్చడానికి 9.8తో గుణిస్తే 196, అంటే దాదాపు 200 న్యూటన్లు. ఇద్దరిదీ కలిపి 400. కారు, లోపలి మనిషి కలిసి సుమారు 1,000 కిలోలు. తోసింది 8 సెకన్లు.

మావాడు ముందు త్వరణం, అంటే సెకను సెకనుకూ వేగం ఎంత పెరుగుతుందో, కనుక్కోబోయాడు. తప్పేమీ లేదు కానీ, నాకు దగ్గరి దారే ఇష్టం: బలాన్ని కాలంతో గుణించి ద్రవ్యరాశితో భాగించడమే. 400ను 8తో గుణిస్తే 3,200. దాన్ని 1,000తో భాగిస్తే సెకనుకు 3.2 మీటర్లు. గంటకు పదకొండున్నర కిలోమీటర్లు!

"అంత వేగంగా వెళ్తే మీరిద్దరూ పరుగెత్తాలి కదా నాన్నా?" అన్నాడు. నిజమే, మేం పరుగెత్తలేదు, గబగబా నడిచామంతే. కారు కదిలిన దూరాన్ని వాడు అడుగులతో కొలిచాడు, ఎనిమిది మీటర్లు వచ్చింది. 8 సెకన్లలో 8 మీటర్లంటే సగటున సెకనుకు ఒక మీటరు. నిలిచి ఉన్న బండి ఒకే తీరున వేగం పుంజుకుంటే చివరి వేగం సగటుకు రెట్టింపు, అంటే 2 మీటర్లు.

మిగతా 1.2 ఏమైంది? టైర్లు తినేశాయి. లెక్కను వెనక్కి తిప్పి 2ను 1,000తో గుణించి 8తో భాగిస్తే, 2 మీటర్ల వేగానికి 250 న్యూటన్లు చాలు. తక్కిన 150 దొర్లుడు ఘర్షణకే సరిపోయింది. సూత్రంలో పెట్టాల్సింది మన చేతుల బలం కాదు, ఘర్షణ పోగా మిగిలిన నికర బలం. పరీక్ష కాగితంలో నేల ఎప్పుడూ నున్నగానే ఉంటుంది, మా వీధి అలా లేదు.

ఇంకో మెలిక ఉంది. సూత్రం ఇచ్చేది వేగంలో మార్పునే. 1687లో న్యూటన్ కూడా చలనంలో మార్పు గురించే చెప్పాడు. బండి అప్పటికే 2 మీటర్ల వేగంతో దొర్లుతుంటే, మళ్లీ అలాగే 8 సెకన్లు తోస్తే 4 అవుతుంది. ఆ ప్రయోగం చేద్దామని మావాడు ఉబలాటపడ్డాడు. తమ్ముడు అప్పటికే నడుం పట్టుకుని సోఫాలో పడుకున్నాడు.