అమ్మమ్మనయ్యాను
నిన్న తెల్లవారుజామున మా అమ్మాయికి పాప పుట్టింది. తల్లీబిడ్డలిద్దరూ క్షేమమని, శుభాకాంక్షలు పంపిన మా వార్డు ప్రజలకు కృతజ్ఞతతో తెలియజేస్తున్నాను. అదే రోజు పురపాలక సంఘ బడ్జెట్ సమావేశం ఉండటంతో, పాపను కాసేపు ఎత్తుకొని, పాత తాగునీటి పైపుల మార్పిడికి నిధులు తగ్గించాలన్న ప్రతిపాదనను వ్యతిరేకించడానికి వెళ్లాను. ఆస్తి పన్ను కట్టే కుటుంబానికి అన్నిటికన్నా ముందు అందవలసింది శుభ్రమైన నీరేనని నా గట్టి నమ్మకం. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ పాలక సంస్థల్లో కనీసం మూడింట ఒక వంతు స్థానాలను మహిళలకు కేటాయించినందువల్లనే నాకు ఆ సభలో చోటు దొరికింది; అక్కడ నా తరఫున ఇంటివారెవరూ కాక, నేనే మాట్లాడాలి. ప్రతిపాదన వాయిదా పడింది. ఈలోగా మురికి నీరు వస్తున్న వీధుల వారు దయచేసి ఫిర్యాదులను రాతపూర్వకంగా ఇవ్వండి; వాటిని సభ ముందుంచుతాను.