జిల్లేడు పొదను కొలిచి కొన్న కెమెరా

కాకినాడలో మేము అద్దెకుండే ఇంటి వెనక ఒక ఖాళీ స్థలం ఉంది. దాని ప్రహరీ గోడను ఆనుకొని ఎవరూ నాటని, ఎవరూ నీళ్లు పోయని జిల్లేడు పొద ఒకటి పెరిగింది. పురుగుల ఫొటోలు తీయాలన్న కోరిక నాకు ఆ పొద దగ్గరే పుట్టింది. కోరిక పుట్టాక మూడు నెలలపాటు నేను చేసిన పని మాత్రం రాత్రిళ్లు కూర్చొని ఏ కెమెరా మేలు, ఏ లెన్స్ మేలు అని చదవడమే. చదివిన కొద్దీ ముప్పై వేలతో మొదలైన లెక్క అరవై వేలయింది, తరవాత లక్ష దాటింది. చివరకు ఒక ఆదివారం పొద్దున మా అమ్మాయి జామెట్రీ బాక్సులోంచి స్కేలు తీసుకొని పొద దగ్గరకు వెళ్లి, దాని మీదున్న ప్రాణులను కొలిచి ఒక కాగితం మీద రాసుకున్నాను. ఆ మూడు నెలల చదువు కంటే ఆ కాగితమే నాకు ఎక్కువ ఉపయోగపడింది.

ఆకుల అడుగున గుంపులుగా ఉన్న పసుపు రంగు పేనుబంక ఒక్కొక్కటి 2 మి.మీ. మాత్రమే ఉంది. దాన్ని తినడానికి వచ్చిన అక్షింతల పురుగు 6 మి.మీ. ఉంది. నీలం, పసుపు చారల జిల్లేడు మిడత 5 సెం.మీ. దాకా వచ్చింది. నల్ల తుమ్మెద స్కేలును దగ్గరకు రానివ్వలేదు కనుక అది వాలిన పువ్వును కొలిచి, దాన్నిబట్టి రెండున్నర సెం.మీ. ఉంటుందని అంచనా వేసుకున్నాను. ఆ ఆకుల మీదే గుడ్లు పెట్టే నారింజ రంగు సీతాకోకచిలుక రెక్కలు విప్పితే 7 సెం.మీ. ఉంటుంది.

ఇప్పుడు ఈ కొలతలను సెన్సర్ (కెమెరా లోపల బొమ్మ పడే పలక) కొలతతో పోల్చాలి. నేను చూస్తున్న నికాన్ క్రాప్ (చిన్న రకం) సెన్సర్ వెడల్పు 23.5 మి.మీ. లెన్స్ 1:1 ఇస్తుందంటే, ఎదురుగా ఉన్న 23.5 మి.మీ. వెడల్పు సెన్సర్‌ను సరిగ్గా నింపుతుందని అర్థం. సీతాకోకచిలుకకు అందులో మూడో వంతు చాలు, అది కెమెరాతో వచ్చే మామూలు 18-55 లెన్స్ (ఈ అంకెలు జూమ్‌ను, అంటే ఫోకల్ దూరాన్ని, మి.మీ.లలో చెబుతాయి) కూడా దాదాపుగా ఇస్తుంది. మిడతకు సగానికి కాస్త తక్కువే చాలు. 1:1 దగ్గర అక్షింతల పురుగు ఫొటోలో నాలుగో వంతు వెడల్పు ఆక్రమిస్తుంది, ఒకటిన్నర రెట్లయితే ఇంకా నిండుగా కనిపిస్తుంది. పేనుబంక కూడా కనీసం ఫొటోలో నాలుగో వంతు కనిపించాలంటే మాత్రం మూడు నాలుగు రెట్లు కావాలి, అది వేరే ప్రపంచం. అందుకని నాకు కావలసింది మూడో వంతు నుంచి ఒకటిన్నర రెట్ల దాకా అని తేల్చుకొని, పేనుబంకను జాబితాలోంచి కొట్టేశాను. దానితో లక్ష రూపాయల లెక్క మళ్లీ ముప్పై వేల దగ్గరకు దిగివచ్చింది.

కెమెరా విషయంలో ఎక్కువ చెప్పవలసింది లేదు. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న కెమెరా) అక్కరలేదు, ఎందుకంటే చిన్న పురుగు పెద్ద సెన్సర్ మీద ఇంకా చిన్నగా కనిపిస్తుంది. సెకనుకు పది ఫొటోలు, పరుగెత్తే జంతువు కన్నును వెంటాడే ఫోకస్ వంటివి ఈ పనిలో దండుగ. అందరూ లోపల అద్దం లేని కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల వైపు వెళ్తున్నందున, అద్దం ఉన్న పాత డీఎస్ఎల్ఆర్‌లు చవకగా దొరుకుతున్నాయి. నేను 2013లో వచ్చిన నికాన్ డి5300ను 18-55, 55-200 లెన్సులు రెండింటితో కలిపి 19,000 రూపాయలకు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. 24 మెగాపిక్సెళ్లు, అటూ ఇటూ తిరిగే తెర, మాన్యువల్‌లో 1/32 దాకా తగ్గించగలిగే చిన్న ఫ్లాష్ ఉన్నాయి, అంతకు మించి అవసరం లేదు. తిరిగే తెర విలువ జిల్లేడు పొద దగ్గర తెలిసింది. కాడ పట్టుకున్న చేత్తో కన్ను నులుముకొని ఒక పూటంతా కన్ను తెరవలేకపోయాను. జిల్లేడు పాలు ఎంత ప్రమాదమో చిన్నప్పటి నుంచి వింటున్నవాణ్ణే అయినా, వ్యూఫైండర్‌కు ముఖం ఆనించి పొదలో దూరితే అది గుర్తుండదు.

ఈ తరగతి నికాన్ కెమెరాల్లో ఫోకస్ మోటారు ఉండదని, పాత లెన్సులు వాటి మీద ఆటోఫోకస్ చేయవని చాలామంది హెచ్చరిస్తారు. పెళ్లి ఫొటోలు తీసేవారికి అది నిజంగా లోపమే. మనకు మాత్రం అది లాభం. పురుగును ఇంత దగ్గరగా తీసేటప్పుడు ఫోకస్ రింగును ఒకచోట వదిలేసి, మనమే ఊపిరి బిగబట్టి ముందుకూ వెనక్కూ ఒక వెంట్రుకవాసి కదులుతూ, కన్ను స్పష్టమైన క్షణాన బటన్ నొక్కుతాం. ఆటోఫోకస్‌తో పనే లేనప్పుడు, అది లేదన్న కారణంగా ధర పడిపోయిన మోటారు లేని టామ్రాన్ 90 మి.మీ. మేక్రో (చిన్న వస్తువులను దగ్గరగా, పెద్దవిగా తీసేది) వంటి లెన్సులు మనకు మంచి బేరం.

ఇక అసలు చిక్కు లెన్స్ దగ్గర వస్తుంది. నేను మొదట నాలుగు వందల రూపాయలకు, లోపల ఏ అనుసంధానమూ లేని ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (కెమెరాకూ లెన్స్‌కూ మధ్య బిగించే గొట్టాలు) తెప్పించాను. లెన్స్‌ను సెన్సర్ నుంచి దూరం జరిపితే దగ్గరి వస్తువులు ఫోకస్‌లోకి వస్తాయన్నది సరైన సూత్రమే, 50 మి.మీ. లెన్స్ వెనక 50 మి.మీ. ట్యూబు పెడితే 1:1 వస్తుంది. నేను తెలుసుకోనిదల్లా నికాన్ కొత్త లెన్సుల మీద అపర్చర్‌ను (కాంతి లోపలికి వచ్చే రంధ్రాన్ని) మార్చే రింగు ఉండదనీ, కెమెరాలోని మీట పట్టుకొని ఉంటే తప్ప ఆ అపర్చర్ దానంతటదే పూర్తిగా మూసుకుంటుందనీ. తెరలో చీకటి తప్ప ఏమీ కనిపించలేదు. కానన్ లెన్స్ అయితే అలాంటి ట్యూబు మీద పూర్తిగా తెరుచుకునే ఉండిపోతుంది, అది ఇంకో రకం ఇబ్బంది. ట్యూబులే కావాలనుకుంటే కెమెరాకూ లెన్స్‌కూ మాట కలిపే ఖరీదైనవి కొనాలి, లేదా అపర్చర్ రింగు ఉన్న పాత 50 మి.మీ. లెన్స్ వెతకాలి.

తరవాత చూసిన నికాన్ 40 మి.మీ. మైక్రో (నికాన్ తన మేక్రో లెన్సుల మీద మైక్రో అనే రాస్తుంది) ధరలో ఆకర్షణీయంగా ఉంది, నిజమైన 1:1 కూడా ఇస్తుంది. అయితే ఆ 1:1 దగ్గర లెన్స్ అంచుకూ పురుగుకూ మధ్య రెండు వేళ్ల ఎడం మాత్రమే ఉంటుంది. నాణేలు, నగలు, పువ్వులు తీసేవారికి అది చక్కటి లెన్స్. తుమ్మెదకు మాత్రం అంత దగ్గరగా వెళ్తే లెన్స్ నీడే ముందు తగులుతుంది, ఆ తరవాత అక్కడ తుమ్మెద ఉండదు. పురుగుల కోసం లెన్స్ ఎంచేవారు ఎంత పెద్దదిగా చూపిస్తుందన్న ప్రశ్న కంటే ముందు ఎంత దూరం నుంచి చూపిస్తుందని అడగాలి. టామ్రాన్ 90 మి.మీ. అదే 1:1 ను సుమారు 10 సెం.మీ. ఎడం నుంచి ఇస్తుంది.

నేను చివరకు స్థిరపడింది రేనాక్స్ డీసీఆర్-250 దగ్గర. ఇది లెన్స్ కాదు, లెన్స్ ముందు క్లిప్పులా తగిలించే నాణ్యమైన భూతద్దం. మూడు నాలుగు వందలకు వచ్చే క్లోజప్ ఫిల్టర్ల సెట్టులో ప్రతి అంచుకూ ఊదా రంగు చార అంటుకుంటుంది, ఇందులో ఒకటి కంటే ఎక్కువ గాజులు కలిపి ఆ దోషాన్ని దాదాపుగా సరిదిద్దారు. దీని శక్తి 8 డయాప్టర్లు (భూతద్దం శక్తిని చెప్పే కొలత) కనుక ఎడం ఎప్పుడూ 1000ని 8తో భాగిస్తే వచ్చే 125 మి.మీ., అంటే సుమారు పన్నెండున్నర సెం.మీ. ఉంటుంది. మాగ్నిఫికేషన్ లెక్క కూడా అంతే సులువు: 55-200 లెన్స్‌ను అనంతానికి (చాలా దూరానికి) ఫోకస్ చేసి 200 దగ్గర పెడితే 200ని 125తో భాగించగా 1.6 రెట్లు వస్తుంది, 125 దగ్గర సరిగ్గా 1:1 వస్తుంది, ఇంకా తగ్గిస్తే సగం దాకా దిగుతుంది. జూమ్ బాగా తగ్గించినప్పుడు మూలలు నల్లబడతాయి, అక్కడ దాన్ని ఊడదీసి మామూలు లెన్స్‌తోనే మిడతనో సీతాకోకచిలుకనో తీసుకుంటాను. నాకు 6,500 రూపాయలు పడింది. బెదురు ఎక్కువ ఉన్న తూనీగల వంటివాటికి 4.8 డయాప్టర్ల డీసీఆర్-150 మేలు, దాని ఎడం సుమారు 21 సెం.మీ.

దీనితో ఒక సంగతి గమనించాలి. మేక్రో లెన్స్ మీద ఎఫ్/8 (ఎఫ్ పక్కన అంకె పెరిగే కొద్దీ అపర్చర్ చిన్నదవుతుంది) పెడితే 1:1 దగ్గర అది నిజానికి ఎఫ్/16 లాగా పనిచేస్తుంది, ఎందుకంటే లెన్స్ సెన్సర్‌కు దూరం జరుగుతుంది. రేనాక్స్‌తో అలాంటి జరుగుబాటు లేదు కనుక మనం పెట్టిన అంకే అసలు అంకె. మేక్రో లెన్స్ వాడేవారు చెప్పే ఎఫ్/8ను నేను తెలియక అలాగే పెట్టుకొని, అక్షింతల పురుగు ఒక్క మీసం తప్ప మిగతాదంతా మసకగా వచ్చిన ఫొటోలు వందల కొద్దీ తీశాను. ఎఫ్/16 పెట్టినా 1:1 దగ్గర స్పష్టంగా కనిపించే లోతు 0.6 మి.మీ. చుట్టూ, 1.6 రెట్ల దగ్గర 0.25 మి.మీ. చుట్టూ ఉంటుంది. ఇంకా మూసేస్తే లోతు పెరుగుతుంది గానీ కాంతి వివర్తనం (సన్నటి రంధ్రం దాటేటప్పుడు కాంతి చెదరడం) వల్ల ఫొటో అంతా మెత్తబడిపోతుంది.

ఎఫ్/16 దగ్గర వెలుతురు చాలదు, చేతులు వణుకుతాయి, గాలికి కొమ్మ ఊగుతుంది. ఈ మూడింటికీ మందు ఫ్లాష్ ఒక్కటే. చేతిలో ఉన్న డబ్బులో లెన్స్‌కు ఎంత తగ్గించినా ఫ్లాష్‌కు తగ్గించవద్దని నేను గట్టిగా చెబుతాను. 5,500 రూపాయలకు గోడాక్స్ టీటీ600 అనే మాన్యువల్ ఫ్లాష్ తీసుకున్నాను. దూరం ఎప్పుడూ మారదు కనుక ఆటోమేటిక్ ఫ్లాష్ అక్కరలేదు, 1/16 శక్తి దగ్గర ఒకసారి కుదుర్చుకుంటే ఆ పూటంతా అదే చాలు. అంత తక్కువ శక్తి దగ్గర మెరుపు సెకనును కొన్ని వేల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగమే నిలుస్తుంది కనుక కొమ్మ ఊగినా పురుగు నిలిచిపోతుంది. నీడలో ఐఎస్ఓ (కాంతికి సెన్సర్ స్పందించే స్థాయి) 100, 1/200 సెకను పెడితే బయటి వెలుతురు ఫొటోలో దాదాపుగా పడదు. ఎండలో మాత్రం అది కూడా పడి, పురుగు పక్కన దాని దయ్యం లాంటి మసక చార కనిపిస్తుంది.

అక్షింతల పురుగు వీపు నూనె రాసిన నల్లరాయిలా నిగనిగలాడుతుంది. దాని మీద ఫ్లాష్‌ను నేరుగా వేస్తే ఎర్రటి వీపు మధ్య సున్నపు బొట్టు పెట్టినట్టు ఒక తెల్లటి చుక్క కాలిపోతుంది, అక్కడి రంగును ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. టీవీ పెట్టెలో వచ్చిన తెల్లటి ఫోమ్ షీటును ఏ4 కాగితమంత కోసి, చిప్స్ డబ్బా రేకును ప్రతిఫలకంగా వంచి, ఆ షీటు లెన్స్ మీదుగా ముందుకు వంగి పురుగు నెత్తి మీద గొడుగులా నిలిచేలా కట్టాను. పన్నెండు సెం.మీ. దూరంలో అంత షీటు ఆ పురుగుకు మబ్బు పట్టిన ఆకాశమంత పెద్దది. కాలిన చుక్క ఉండవలసిన చోట పాలపొర లాంటి మెత్తటి మెరుపు వచ్చింది, దాని కిందే వీపు మీద సన్నటి గుంటలు కూడా కనిపించాయి. ఫ్లాష్ కాంతిని మెత్తబరిచే ఈ డిఫ్యూజర్‌కు అయిన ఖర్చు రెండు రబ్బరు బ్యాండ్లు. ఫ్లాష్ కొనే స్తోమత కూడా లేనివారు కెమెరా మీదున్న చిన్న ఫ్లాష్‌కే ఇలాంటిది కట్టి మొదలుపెట్టవచ్చు, కాకపోతే బ్యాటరీ త్వరగా అయిపోతుంది.

డబ్బు ఇంకొంచెం ఉంటే నికాన్ వారి పాత మైక్రో నిక్కోర్ 55 మి.మీ. ఎఫ్/2.8 లెన్స్ చూడమంటాను. దానంతటది సగమే ఇస్తుంది, 27.5 మి.మీ. ట్యూబుతో 1:1 ఇస్తుంది. డి5300 దాని మీద వెలుతురు కొలవదు, ఫ్లాష్ మాన్యువల్‌లో ఉన్నప్పుడు కొలవవలసిన పనీ లేదు. దాని లోపలి నూనె అపర్చర్ రేకుల మీదికి పాకి అవి అంటుకుపోవడం తెలిసిన జబ్బే కనుక, కొనేముందు రింగు తిప్పి రేకులు చురుగ్గా కదులుతున్నాయో లేదో చూడాలి. సముద్రం పక్క ఊళ్లలో కొనేటప్పుడు మాత్రం ముందుగా టార్చి వెలుగులో గాజును వెనక నుంచి చూడాలి. నాకు ఒకరు అద్దంలా ఉందని చెప్పి అమ్మజూపిన లెన్సులో సాలెగూడు లాంటి బూజు అంచంతా పాకి ఉంది. ఇంట్లో ఉన్నవాటిని నేను మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి దాస్తున్నాను.

పేనుబంకను కొట్టేశానని చెప్పాను కదా. కెమెరాతో వచ్చిన 18-55 లెన్స్‌ను తిరగేసి బిగించే 52 మి.మీ. రింగు ఒకటి మూడు వందలకు దొరికింది. తిరగేస్తే 18 దగ్గర మూడు రెట్లకు పైగా వస్తుంది, ఎడం మాత్రం ఐదు సెం.మీ. కూడా ఉండదు. మూసుకుపోయే అపర్చర్ మీటను మడిచిన కాగితం ముక్కతో సగం తెరిచి నిలిపాను. తుమ్మెదకు పనికిరాని ఈ ఏర్పాటు కదలని పేనుబంకకు సరిపోయింది. నలభై ఫొటోల్లో మూడు స్పష్టంగా వచ్చాయి. ఇంటికొచ్చి పెద్ద తెర మీద చూస్తే, ఆ మూడింటిలో ఒకదానిలో ఆ పసుపు రంగు తల్లి పిల్లను కంటోంది.