నీళ్లు 67 దాటితే రాడ్ సర్దేస్తున్నా - మూడో సమ్మర్ ఫ్లై ఫిషింగ్ లాగ్

డెన్వర్ (అమెరికాలో కొలరాడో) వచ్చాక ఫ్లై ఫిషింగ్, అంటే హుక్కుకి ఈకలూ దారం చుట్టి పురుగులా చేసిన ఎరతో (దాన్నే ఫ్లై అంటారు) చేపలు పట్టడం, మొదలెట్టి ఇది మూడో సమ్మర్. మొదటి రెండేళ్లూ నోట్‌బుక్‌లో ఏ ఫ్లైకి ఎన్ని ట్రౌట్ (చల్లటి నీళ్లలో బతికే చేప) పడ్డాయి అన్నదే రాసుకునేవాడిని, ఈ ఏడాది ఇంకో కాలమ్ కలిపా, నీళ్ల టెంపరేచర్. దారం కట్టిన చిన్న థర్మామీటర్ జేబులో ఉంటుంది, ఏటికి వెళ్లగానే నీడలో, మోకాలి లోతు నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి చూస్తా. ఆ నంబర్ చూశాకే రాడ్ బయటికి తీయడం. (ఇక్కడ డిగ్రీలన్నీ ఫారెన్‌హీటే రాస్తున్నా.)

దీనికి కారణం పోయిన జులైలో జరిగిన సంగతి. గోల్డెన్‌లో క్లియర్ క్రీక్ మీద, సాయంత్రం అయిదింటికి, అప్పుడే వాన పడి గాలి చల్లబడింది, హాయిగా ఉంది కదా అని దిగా. మంచి బ్రౌన్ ట్రౌట్ పడింది, 14 అంగుళాలుంటుంది, చాలాసేపు లాగింది, తర్వాత ఫోటో కోసం పైకెత్తి పట్టుకున్నా. నీళ్లలో వదిలితే పక్కకి ఒరిగిపోయింది. తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి పదిహేను నిమిషాలు పట్టుకుని కూర్చున్నా, మొప్పలు కొట్టుకోవడం మెల్లగా తగ్గిపోయింది. గాలి చల్లబడినంత త్వరగా నీళ్లు చల్లబడవన్న సంగతి నాకప్పుడు తెలీదు. పొద్దున్నించీ ఎండకి కాగిన రాళ్ల మీదుగా వచ్చే నీళ్లు సాయంత్రం నాలుగు, అయిదు, ఆరు గంటలప్పుడే బాగా వేడి మీదుంటాయి.

భీమవరంలో మావయ్యకి చేపల చెరువులున్నాయి, ఫోన్లో ఈ సంగతి చెప్తే "ఏరా, ఆక్సిజన్ పడిపోయి ఉంటుంది, మా చెరువులో అయితే తెల్లారుజామునే చేప తేలి నోరు తెరుస్తది, అందుకే ఆ టైమ్‌కి ఏరియేటర్లు తిప్పుతాం" అన్నాడు. కారణం ఒకటే, టైమ్ మాత్రం వేరు. చెరువులో రాత్రంతా నాచు, ప్లాంక్టన్ ఆక్సిజన్ తాగేస్తాయి కాబట్టి తెల్లారుజాము గండం. కొండ ఏటిలో రాళ్ల మీద దూకే నీళ్లలో గాలి బాగానే కలుస్తుంది, కానీ నీళ్లు వేడెక్కే కొద్దీ ఆక్సిజన్ పట్టి ఉంచుకోలేవు, 50 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 11 మిల్లీగ్రాములు పడితే 68కి 9 దగ్గరికి వచ్చేస్తుంది, ఎత్తు మీద ఇంకా తక్కువే. అదే టైమ్‌లో ట్రౌట్ ఒంటికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. అందుకే నా లెక్క, 65 వస్తే ఇంకొక్క చేప, 67 దాటితే ఇంటికి. బాగా ఎండలు కాసిన ఏడాది ఇక్కడ కొన్ని నదుల మీద మధ్యాహ్నం నుంచి పట్టొద్దని వైల్డ్‌లైఫ్ వాళ్లే అడుగుతారు, చాలా చోట్ల అది వాలంటరీయే అయినా నేను మాత్రం రూల్ లాగే చూస్తా.

జూన్ ఆఖరు: క్లియర్ క్రీక్, ఐడహో స్ప్రింగ్స్ పైన. నీళ్లు 49. మంచు కరిగిన నీళ్లు ఇంకా జోరుగా ఉన్నాయి, మధ్యలో వేయడం దండగ, చేపలన్నీ గట్టుకి ఆనుకుని రాళ్ల వెనకే. బరువున్న నింఫ్‌కి (నీళ్లలో మునిగే ఫ్లై) మూడు పడ్డాయి.

జులై మధ్య: అదే చోటు, పొద్దున 7కి 54. నీళ్ల పైన తేలే ఎల్క్ హెయిర్ క్యాడిస్ ఫ్లై 14 సైజు, దాని కింద రెండడుగుల టిప్పెట్‌కి (లైన్ చివర కట్టే సన్నటి దారం) ఫెజెంట్ టెయిల్ అనే నింఫ్. తొమ్మిది పడ్డాయి, అన్నీ నురగ కొట్టే చోట, రాళ్ల మీదుగా దూకి నీళ్లు తెల్లగా ఉన్న దగ్గరే. వేడి పెరిగే కొద్దీ నెమ్మదిగా ఉండే మడుగులు వదిలేసి అక్కడికి చేరతాయి.

ఆగస్ట్ మొదటి వారం: సౌత్ ప్లాట్, డెక్కర్స్. పైన చీస్‌మన్ డ్యామ్ నుంచి చల్లటి నీళ్లొస్తాయి, 6:40కి 55. ఎనిమిదయ్యేసరికి నీళ్ల పైన పొగమంచులా ట్రైకోలనే నీటి ఈగలు, ఇవి ఎంత చిన్నవంటే షర్ట్ మీద వాలితే మిరియం గింజంత కూడా ఉండవు. కాసేపటికి రెక్కలు చాపుకుని నీళ్ల మీద పడిపోతాయి, అప్పుడు చూడాలి, ఒకే వరసలో ఆరు ముక్కులు, చప్పుడు లేకుండా పైకొచ్చి ఒక్కో ఈగని చప్పరించి కిందకి పోతున్నాయి. పెద్ద ఫ్లై వేస్తే ఒక్కటీ చూడదు. 22 సైజు ట్రైకో స్పిన్నర్ (రెక్కలు చాపి పడ్డ ఈగలాంటి ఫ్లై, సైజు నంబర్ పెరిగే కొద్దీ ఫ్లై చిన్నది), బాగా సన్నటి 6X టిప్పెట్, 12 అడుగుల లీడర్ (లైన్‌కీ ఫ్లైకీ మధ్య ఉండే దారం). అంత చిన్న ఫ్లై నాకు కనపడదు కాబట్టి ముందు కాస్త పెద్దదైన 16 సైజు పారాచూట్ ఆడమ్స్ ఫ్లై కట్టి దానికి అడుగున్నర దూరంలో స్పిన్నర్ కట్టా. చేపకి మూడడుగుల ఎగువన పడాలి, లైన్ ఏమాత్రం లాగినా ఫ్లై వెనక గీత వస్తుంది, ఆ గీత చూస్తే ఆ చేప ఇంక లేవదు. గంటలో నాలుగు. తర్వాత రిమ్ చుంగ్ అనే ఆయన ఇదే నది కోసం కట్టిన ఆర్ఎస్2 ఫ్లైకి ఇంకో రెండు. మధ్యాహ్నం మబ్బు పట్టేసరికి వచ్చేశాం, 2002లో హేమన్ ఫైర్‌కి కాలిపోయిన కొండలవి, గట్టి వాన పడితే ఇసుకా మట్టీ కలిసి నీళ్లు కాఫీ రంగులోకి మారిపోతాయి.

ఆగస్ట్ మూడో వారం: డ్రీమ్ లేక్, రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్. తెల్లారకముందే గేట్ దాటాం, బేర్ లేక్‌లో చేపలు పట్టనివ్వరు, అక్కడినించి నడిచి పైకెళ్లాలి. ఇక్కడివి కట్‌త్రోట్ ట్రౌట్‌లు, పట్టినా వదిలేయాల్సిందే, ముల్లు లేని హుక్కే వాడాలి. ఏటిలో ఆహారం చేప దగ్గరికొస్తుంది, చెరువులో చేపే తిరుగుతుంది. అందుకే మొదటి అరగంట లైన్ విప్పకుండా రాయి మీద కూర్చుని చూశా, ఒక చేప ఒడ్డు వెంబడే పడిపోయిన చెట్టు దాకా వెళ్లి మళ్లీ తిరిగొస్తోంది, ప్రతిసారీ అదే దారి. అది అటు తిరిగినప్పుడు చీమలాంటి ఫ్లై ఆ దారిలో వేసి కదలకుండా ఉంచా. అది తిరిగి వచ్చింది, ఆగింది, ఫ్లై కిందకి వచ్చి చూసింది, నోరు తెరిచింది. వలలో నీళ్లలోనే ఉంచి హుక్ తీశా, గొంతు కింద ఎర్రటి గీత అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. ఫోటో తీయలేదు. పదకొండుకల్లా దిగిపోయాం, మెరుపులొచ్చే కొండ మీద తొమ్మిదడుగుల గ్రాఫైట్ రాడ్ పట్టుకుని నిలబడకూడదు.

పోయిన శనివారం: మళ్లీ డెక్కర్స్. 6:30కి 56, 10కి 61, 11:45కి 66. రెండు బ్రౌన్‌లు, ఒక రెయిన్‌బో. ఎదురుగా ఇంకా ముక్కులు లేస్తూనే ఉన్నాయి, రీల్ చుట్టేసి గట్టు మీద కూర్చుని పులిహోర తింటూ కాసేపు వాటినే చూశా.