గౌరీశంకర శిఖరం నేపాల్‌కు ఇచ్చిన పావుగంట

హైదరాబాదు నుంచి కాఠ్‌మాండూకు సూటిగా గీత గీస్తే ఆకాశమార్గం సుమారు 1,360 కిలోమీటర్లు. అమ్మతో పశుపతినాథుడి దర్శనానికి బయలుదేరితే, మాకు టికెట్లు దొరికింది ఢిల్లీ మీదుగా. ఢిల్లీకి దాదాపు 1,260, అక్కడి నుంచి కాఠ్‌మాండూకు 815 వరకు. అంటే ఏడు వందల కిలోమీటర్ల చుట్టు. గాలిలో ఉండేది రెండు విమానాలూ కలిపి నాలుగు గంటల లోపే అయినా, ఢిల్లీలో మధ్యన ఐదు గంటలు కూర్చోవాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు అదెలా చెప్పాలా అని మథనపడ్డాను.

"మీ నాన్నమ్మ సరిహద్దులోని రక్సౌల్ దాకా రైల్లో వెళ్లి, అవతల నేపాల్‌లోని వీర్‌గంజ్‌లో బస్సెక్కి, ఇల్లు వదిలిన ఐదో రోజున దర్శనం చేసుకున్నారు. నేను ఐదు గంటలు కూర్చోలేనా?" అంది.

అమ్మకు పాస్‌పోర్టు లేదు. భారతీయులకు నేపాల్ వీసా అక్కర్లేదు, విమానానికి ఓటరు కార్డు సరిపోతుంది. ఆ కార్డును దారి పొడుగునా పసుపు బట్టలో చుట్టి పట్టుకుంది.

ఢిల్లీలో బయలుదేరిన కాసేపటికి ఎడమ కిటికీలోంచి చూస్తూ, "ఆ మబ్బులు కదలడం లేదేమిటి?" అని అడిగింది. అవి మబ్బులు కావు. ధవళగిరి, అన్నపూర్ణ ఉన్న వైపది. ధవళగిరి ఎత్తు 8,167 మీటర్లు. అమ్మ రెండు చేతులూ జోడించింది, అవి కనుమరుగయ్యే దాకా దించలేదు.

గంటన్నర ప్రయాణం ఆ రోజు రెండు గంటలు దాటింది. చుట్టూ కొండలు, ఉన్నది ఒకే రన్‌వే. వంతు వచ్చేదాకా విమానం పైనే తిరిగింది.

దిగాక గడియారం పావుగంట ముందుకు తిప్పాను. నేపాల్ తన ప్రామాణిక కాలాన్ని గౌరీశంకర్ పర్వతం మీదుగా పోయే రేఖాంశాన్ని బట్టి లెక్కిస్తుందని చెబితే అమ్మ కళ్లు మెరిశాయి. "గౌరీశంకరులు పెట్టిన వేళా ఇది! నా గడియారం కూడా మార్చు" అంది. ఎన్నో ప్రయాణాల్లో గడియారం మార్చుకున్నాను కానీ, దానికి అంత అర్థం ఉండగలదని నాకెప్పుడూ తోచలేదు.

విమానాశ్రయం నుంచి పశుపతినాథుడి గుడి టాక్సీలో కొద్ది నిమిషాలే. రెండంతస్తుల బంగారు కప్పు, వెండి తలుపులు, ఎదురుగా పెద్ద నంది. గర్భగుడిలోకి అర్చకులు తప్ప ఎవరూ వెళ్లరు. లింగానికి నాలుగు దిక్కులా నాలుగు ముఖాలు, ఒక్కో ద్వారం నుంచి ఒక్కో ముఖం కనిపిస్తుంది. తూర్పున తత్పురుషం, దక్షిణాన అఘోరం, పడమట సద్యోజాతం, ఉత్తరాన వామదేవం. పైభాగం ఈశానం. అమ్మ నా భుజం పట్టుకుని నాలుగు ద్వారాల దగ్గరా ఆగింది. పూజ చేసే భట్టులు తరతరాలుగా దక్షిణ భారతం నుంచి వచ్చేవారు. "మనవైపు స్వరమే" అని నెమ్మదిగా నవ్వింది. అక్కడ నాకు కన్నీళ్లు ఆగలేదు.

సాయంత్రం గుడి పక్కన పారే బాగ్మతి నది ఆవలి ఒడ్డున హారతి చూశాం. ఎదురుగా ఆర్యఘాట్‌లో చితి వెలుగుతోంది. గంటల మోతలో తల మీదుగా ఒక విమానం దిగుతూ వెళ్లింది. "అందులో ఉన్నవాళ్లకూ త్వరగా దర్శనం కావాలి" అంది అమ్మ.

మీరు ఢిల్లీ మీదుగా వెళ్తుంటే ఎడమ కిటికీ అడగండి, తిరుగు ప్రయాణంలో కుడివైపు. పెద్దవాళ్లను కిటికీ పక్కన కూర్చోబెట్టండి.