నల్లేరు మీద నడక

శ్రావణమాసం, వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు. పూజగది పరదాలు, దిండు గలీబులు ఉతికేద్దామని పొద్దున్నే పెరట్లోకి వెళ్లాను. వారం రోజులుగా ముసురు. బట్టలుతికే బండ చుట్టూ పచ్చగా పాచి పట్టి ఉంది, చూశాను కూడా. తడిబట్టల బకెట్టు ఎత్తి పక్కకి తిరిగానో లేదో కుడికాలు జారింది. ఎండు కొబ్బరిమట్ట విరిగినట్టు ఒక చప్పుడు. నొప్పి ఆ తర్వాత వచ్చింది.

దగ్గర్లో ఉన్న ఓ క్లినిక్‌కి కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్లారు మావారూ, పక్కింటి అబ్బాయీ. అక్కడ పాదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి బెణుకే అన్నారు. ఆయింట్‌మెంటు రాసి పట్టీ చుట్టి పంపించేశారు. తెల్లారేసరికి చర్మం నిగనిగలాడేంత వాపు, వేళ్ల దాకా నీలం. అప్పుడు టౌనుకి వెళ్లి ఎక్స్‌రే తీయిస్తే చీలమండ రెండు పక్కలా విరిగి, కీలు పక్కకి జరిగి ఉంది.

పడిన తర్వాత నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండకి రెండు వైపులా ఉబికి ఉండే ఎముకల వెనక అంచున నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తీయాలి. 1992లో కెనడా వైద్యులు చెప్పిన ఈ పద్ధతిని ఒట్టావా నియమాలంటారట. నాకు మంచం మీద ఉండగా తెలిసింది. నేను నాలుగు కాదు, ఒక్క అడుగూ వేయలేదు. మీ ఇంట్లో ఎవరైనా పడితే ఇది గుర్తు పెట్టుకోండి, ఎక్స్‌రే తీయమని నోరు తెరిచి అడగండి.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. అంతర్జంఘిక, బహిర్జంఘిక అని ఇరవై ఏళ్లుగా పిల్లల చేత వల్లె వేయిస్తున్నాను. చీలమండకి లోపలివైపు తగిలే గుబ్బ అంతర్జంఘిక చివర, బయటివైపుది బహిర్జంఘిక చివర. ఆ రెండూ గూడులా పట్టి ఉంచితేనే పాదం కుదురుగా ఉంటుంది. బొమ్మ గీసి ఎన్నిసార్లు చెప్పానో. డాక్టరు గారు ఎక్స్‌రేని వెలుతురుకి ఎత్తి చూపించినప్పుడు ఆ గూడు విడిపోయి ఉండడం చూసి, నాకు నేనే పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పుకున్నాను.

ఆపరేషన్ వెంటనే చేయలేదు. వాపు మీద కోస్తే కుట్లు సరిగా మానవట. కాలు దిండ్ల మీద ఎత్తిపెట్టి, చర్మం మీద ముడతలు కనపడే దాకా ఆగాలన్నారు. ఆరు రోజులు ఆ ముడతల కోసం చూశాను. ఈలోగా మా పెదమావయ్య ఫోను: "కోత లేదు, కుట్టు లేదు, పుత్తూరు తీసుకెళ్దాం అమ్మడూ." చిన్నప్పుడు ఆయన చెయ్యి విరిగితే అక్కడే ఆకుమందు, గుడ్డుసొన పట్టించి వెదురుదబ్బలతో కట్టు కట్టారు. ఆ చెయ్యి ఇవాళ్టికీ బాగానే ఉంది. ఆయన మాట నేను తీసిపారేయలేదు. కానీ పక్కకి జరిగిన కీలు తిరిగి గూట్లోకి వచ్చి కదలకుండా ఉండాలంటే లోపలి నుంచే పట్టు కావాలని డాక్టరు గారు చెప్పిన మాట నా మనసుకి ఎక్కింది. ఏడో రోజున వెన్నులో మత్తు ఇచ్చి, బయటివైపు ఒక ప్లేటు, లోపలివైపు రెండు స్క్రూలు వేశారు.

ఇంటికి వచ్చిన రోజు గడప దగ్గర ఆగిపోయాను. కొత్తకోడలిగా వచ్చినప్పుడు అత్తయ్యగారు ఈ గడప మీదే బియ్యం చెంబు పెట్టి, కుడికాలు పెట్టి రామ్మా అన్నారు. ఇప్పుడు కుడికాలు నేలకి తగలకూడదు, ఆరు వారాలు. వాకర్ లోపల పెట్టి ఎడమకాలితో గెంతాను. డెబ్బై నాలుగేళ్ల మనిషి, నేను ఎక్కడ పడతానోనని వెనక నించుని నా చీర కుచ్చిళ్లు పట్టుకున్నారు.

ఆరు వారాలూ ఆవిడే నాకు చాకిరీ చేశారు. ప్రహరీ గోడ మీద నల్లేరు తీగ ఉంది మాకు. ఎముకలు అతుకుతాయని మన పెద్దవాళ్ల నమ్మకం, సంస్కృతంలో దాని పేరే అస్థిశృంఖల. దురద పెట్టకుండా చేతులకి నూనె రాసుకుని, లేతవి తుంపి, ఈనెలు తీసి, బాగా వేయించి, చింతపండు వేసి పచ్చడి నూరేవారు. డాక్టరు గారిని అడిగితే, "తినండి, మాత్రలు మాత్రం మానకండి" అన్నారు. రెండూ మానలేదు. ఆరో వారం ఎక్స్‌రేలో విరిగిన గీత మసకబారింది. దేనివల్ల ఎంత అని నేను లెక్క కట్టదలుచుకోలేదు.

ఎముక అతికితే నడిచేస్తాననుకున్నాను. కట్టు తీసిన రోజు నా పిక్క చూసి ఏడుపొచ్చింది. ఎడమదానిలో సగం లేదు.

ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి, "మేడమ్, ఇంట్లో బరువు చూసుకునే మిషన్ ఉందా?" అంది. కుడికాలు మిషన్ మీద, ఎడమకాలు పక్కనే అంతే ఎత్తున్న చెక్కపీట మీద. వాకర్ పట్టుకుని నిలబడి, కుడికాలి మీద పది కిలోలు పడేలా మెల్లగా వాలాలి. నా బరువు అరవై రెండు. నేను నా శక్తంతా పెట్టాననుకుని కిందికి చూస్తే ముల్లు నాలుగు దగ్గర ఉంది. నొప్పి లేదు. భయం. ఆ చప్పుడు నా చెవుల్లోంచి పోలేదు, కాలు దానంతటదే పైకి లాక్కునేది. పది రావడానికి మూడు రోజులు పట్టింది. ఏ రోజు ఎంత వచ్చిందో మావారు పాల లెక్క రాసే క్యాలెండర్ మీదే రాసేవారు: 10, 12, 12, 15. మధ్యలో ఒకరోజు మళ్లీ 9. ఆ రోజు రాత్రి అన్నం సహించలేదు. వంటింట్లోంచి అత్తయ్యగారు రోజూ, "ఇవాళెంత అమ్మాయ్?" అని అడిగేవారు. దసరా సెలవులన్నీ ఆ ముల్లు చూస్తూనే గడిచాయి. ముప్ఫై ఒకటి దాటిన రోజు, అంటే నాలో సగం ఆ కాలు మోసిన రోజు, ఆవిడ పరమాన్నం వండారు.

కార్తీకంలో కర్ర పట్టుకుని బడికి వెళ్లాను. మెట్లెక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు దెబ్బకాలు ముందు. ఆరో తరగతి పిల్లలకి ఇది ఎలా తెలిసిపోయిందో గానీ నేను మెట్ల దగ్గరికి వస్తే చాలు, "ఎడమ, టీచర్" అని గుర్తుచేసేవాళ్లు.

అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది గొంతుక్కూర్చోవడం. మడమ నేల మీద ఆనాలంటే చీలమండ ముందుకి బాగా వంగాలి, అది వంగదు. ధనుర్మాసమంతా నించుని నడుం వంచే ముగ్గులు వేశాను, చుక్కలు తక్కువవి. సంక్రాంతి నాడు మడమ ఆనింది. సాయంత్రాలు ఇప్పటికీ వాస్తుంది. అత్తయ్యగారు బొటనవేలితో నొక్కి, పడిన గుంట పూడడానికి ఎంతసేపు పడుతుందో చూస్తారు.

ఆ బండ దగ్గరికి నాకన్నా ఎక్కువసార్లు వెళ్లేది ఆవిడే. ఆ పాచి మీద ఆ రోజు నేను కాక ఆవిడ జారి ఉంటే అన్న ఆలోచన మంచం మీద ఎన్నో రాత్రులు నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే మళ్లీ లేచి తిరగడం ఎంత కష్టమో మా వీధిలోనే చూశాను. అందుకే నడవడం వచ్చాక నేను మొదట చేయించిన పని, ఆ చుట్టూ నున్నటి గచ్చు పగలగొట్టించి గరుకు రాళ్లు పరిపించడం, గోడకి నడుమెత్తున ఇనుప పైపు బిగించడం. వారానికోసారి బ్లీచింగ్ చల్లి రుద్దుతున్నాం. అంత ఖర్చెందుకు అన్నారావిడ మొదట్లో. ఇవాళ పొద్దున కిటికీలోంచి చూశాను, ఒక చేత్తో ఆ పైపు పట్టుకుని, రెండో చేత్తో నల్లేరు కోస్తున్నారు.