చివరి మాట

ప్లాట్‌ఫారం మీద నిలబడి టికెట్ తీసి చూస్తే దాని మీద నిన్నటి తేదీ ఉంది. బుక్ చేసింది నేనే. రెండు సూట్‌కేసులు, నిద్రమత్తులో పాప, పక్కన నా భార్య. నా నోటి వెంట వచ్చిన మొదటి మాట ఇది: "నువ్వు అంతలా తొందరపెట్టబట్టే తప్పు తేదీ కొట్టాను."

ఆమె ఏమీ అనలేదు. పాప చేతిలోంచి నీళ్ల సీసా తీసుకుని మూత బిగించింది. అది అప్పటికే బిగించి ఉంది.

కొన్నాళ్ల తర్వాత కుటుంబ ప్రార్థనలో బైబిల్లోని ఆదికాండము 3వ అధ్యాయం చదవడం నా వంతు వచ్చింది. తినొద్దన్న చెట్టు పండు తిన్నావా అని దేవుడు అడిగితే మొదటి మనిషి ఆదాము చెప్పిన జవాబు, 12వ వచనం: "నాతో నుండుటకు నీవు నాకిచ్చిన ఈ స్త్రీయే ఆ వృక్షఫలములు కొన్ని నా కియ్యగా నేను తింటిని." అక్కడ గొంతు పట్టేసింది. ఇది అచ్చం నా ప్లాట్‌ఫారం వాక్యమే.

గమ్మత్తేమిటంటే, ఆదాము అబద్ధమాడలేదు. ఆమె ఇచ్చింది, అతను తిన్నాడు. నా భార్య కూడా నిజంగానే తొందరపెట్టింది. నిందలో ఎంతో కొంత నిజం ఉంటుంది కాబట్టే అనేవాడికి అది నిందలా తోచదు, ఏదో వివరం చెప్తున్నట్టే ఉంటుంది. పైగా "నీవు నాకిచ్చిన" అంటూ దేవుడికీ కాస్త అంటించాడు. అంతకుముందే ఆమెను చూసి "నా యెముకలలో ఒక యెముక" అని మురిసిపోయిన మనిషి! తను చేసింది మాత్రం వాక్యం చిట్టచివర ఒక్క ముక్క: తింటిని. తెలుగులో క్రియ చివరికే వస్తుంది కదా, దాచుకోవడానికి మనకు ఇంకా సులువు.

అదే పుస్తకంలో అబ్రాము భార్య శారయి సంగతీ అంతే. పిల్లలు లేక తన దాసి హాగరును భర్తకిచ్చింది తనే. తీరా హాగరు గర్భవతయ్యాక అబ్రాముతో "నా ఉసురు నీకు తగులును" అంది.

అప్పటినుంచి ఆ చివరి మాటను ముందుకు తెచ్చి, అక్కడే ఆపేయడం అలవాటు చేసుకుంటున్నాను. "తప్పు తేదీ కొట్టాను." అంతే. వినడానికి తేలికే గానీ, నాలుక మీద 'కానీ' కూర్చునే ఉంటుంది. ఐదుసార్లలో రెండుసార్లు ఓడిపోతాను.

ఇది కొట్టే భర్త దగ్గర, అన్నిటికీ ఎదుటివాళ్లనే తప్పుపట్టే మనిషి దగ్గర "నాదే తప్పు" అని తలొంచుకోమనడం కాదు. సంఘంలో ఆ సలహా ఇచ్చేవాళ్లున్నారు, నాకు నచ్చదు. తిన్నవాడు తిన్నానని చెప్పాలి, తిననివాళ్లతో చెప్పించకూడదు.

మొన్న రాత్రి ఇంట్లో కరెంటు పోయింది. మా ఒక్క ఇంట్లోనే.

"బిల్లు కట్టడం మర్చిపోయాను" అన్నాను.

నా భార్య ఫోన్ టార్చ్ నా మొహం మీద అలాగే పట్టుకుని "కానీ?" అంది.

"కానీ ఏం లేదు. మర్చిపోయాను."

టార్చ్ కిందికి దించింది. "నాకు గుర్తుంది," అంది కాసేపాగి, "చూద్దామని చెప్పలేదు."